బాణలి పట్టిన చెయ్యి

హోటలు వంటింట్లో పనిచేసే మనిషిని గుర్తుపట్టడానికి మొహం చూడనక్కర్లేదు. మోచేయి కింద చూస్తే చాలు. ఈ సంగతి నాకు పెళ్లయి, హిందూపురంలో కాపురం పెట్టిన తరువాతే తెలిసింది.

మాది ధర్మవరం. మా పుట్టింట్లోనూ మగ్గమే, అత్తగారింట్లోనూ మగ్గమే. మా ఆయన నాకు మేనత్త కొడుకు. పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, పెళ్లికి ముందే మగ్గం వదిలి హిందూపురం వెళ్లి హోటల్లో చేరాడు. ఇంట్లో ఉన్నది ఒక్క మగ్గం, దాని మీద కూర్చోవలసిన మగవాళ్లు ఇద్దరు. అందుకే వెళ్లానని ఆయన అనేవాడు. మా మామ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. పట్టు పట్టవలసిన చేతులు ఎంగిలి కప్పులు ఎత్తడానికి పోయాయని వీధి అరుగు మీద కూర్చుని చాలాకాలం చెప్పుకున్నాడు. మేము కాపురం పెట్టాక చాన్నాళ్ల దాకా మా గడప తొక్కలేదు.

నిజానికి ఆయన కప్పులు ఎత్తింది కొన్నాళ్లే. నేను వెళ్లేసరికి నూనె బాణలి దగ్గర ఉన్నాడు. వడలు, బొండాలు, మిరపకాయ బజ్జీలు అన్నీ ఆయన చేతివే. బెల్లం మండీకి వచ్చే బండ్లవాళ్లు, మడకశిర వైపు నుంచి చింతపండు తెచ్చే రైతులు ఎద్దులను విప్పీ విప్పగానే ఆ హోటలు ముందు నిలబడేవాళ్లు. బాణలిలో నూనె చప్పుడు విని, వేగే వడ ఎర్రబడిందో లేదో చూడకుండానే చెప్పేవాడని వాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు.

అమావాస్యకు హోటలు మూసేవాళ్లు. కాపురానికి వెళ్లిన కొత్తలో ఒక అమావాస్య నాడు ఆయనతో పనిచేసేవాళ్లు మా గదికి భోజనానికి వచ్చారు. చొక్కా చేతులు మడిచి ఆకుల ముందు కూర్చున్నారు. వడ్డిస్తూ చూశాను. ఒక్కరి చెయ్యి కూడా శుభ్రంగా లేదు. నల్లటి మచ్చలు, తెల్లటి మచ్చలు, మెరిసే గీతలు. నేను చూస్తున్నానని తెలిసి వాళ్లే చెప్పడం మొదలుపెట్టారు, నగలు చూపించుకున్నట్టు.

"ఇది పాలు పొంగినప్పటిది వదినా. ఇది పెనం అంచు. ఇదిగో ఇది ఆవిరి. నిప్పు కంటే ఆవిరి చెడ్డది. కండ్లకు కనపడదు" అన్నాడు సాంబారు వండే ఆయన. చెన్నేకొత్తపల్లి దగ్గర పల్లె ఆయనది. వానలు లేక సేద్యం వదిలి వచ్చాడు. మా ఆయన కంటే వయసులో కొంచెం చిన్న.

"మందు ఏమన్నా పెడతారా?" అని అడిగాను.

"పెట్టకేం. ఒగ తూరి దోసె పిండి, ఒగ తూరి ఇంకు. చేతికి ఏది అందితే అది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాళ్లు వెళ్లాక నేను మా ఆయన మణికట్టు మీది కొత్త బొబ్బను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటే, "దీన్ని కాలిందంటారా మే? ఇది బొట్టు పెట్టినట్ల" అన్నాడు.

నిజంగా కాలడం ఎలా ఉంటుందో ఒక సంత రోజున చూశాను. గదిలో ఎసరు పెట్టి బియ్యం కడుగుతున్నాను. హోటల్లో పిండి రుబ్బే అవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె ఎప్పుడూ ఆ వేళ రోలు వదిలి రాదు. చేతులకు పిండి అలాగే ఉంది.

"అమ్మణ్ణీ, బిర్రున రా. మీ ఆయనకు చెయ్యి కాలింది. పానానికి ఏం బాధ ల్యా. చెయ్యే."

జరిగిందేమిటో దారిలో అవ్వ సగం చెప్పింది, మిగతాది తరువాత సాంబారు ఆయన చెప్పాడు. ఆ వంటిల్లు ఇరుకు. ఒకరు పక్కకు తిరిగితే ఇంకొకరికి మోచెయ్యి తగిలేది. కింద నున్నటి బండలు. గంజి ఒలికి ఉంది. సాంబారు ఆయన కట్టెలు తేవడానికి వెనక్కి తిరిగి, గంజి మీద కాలు జారి, నూనె పొయ్యి పక్కనే వెల్లకిలా పడ్డాడు. పడేటప్పుడు ఆయన కాలు తగిలి పొయ్యి ఇటుక ఒకటి ఊడింది. బాణలి ఆయన మీదికి వాలింది. మా ఆయన దాని చెవిని కుడిచేత్తో పట్టుకున్నాడు. గుడ్డ తీసుకునే వ్యవధి లేదు. ఒరిగిన బాణలి అంచు మీద నుంచి కాగిన నూనె ఆయన వేళ్ల మీద, అరచేతి మీద, మణికట్టు దాకా పారింది. పొయ్యిలో పడిన నూనె భగ్గుమంది. ఆయన వదిలితే చాలు, అంతా కింద ఉన్న మనిషి మొహం మీదా గుండె మీదా పడుతుంది. వదలలేదు. సాంబారు ఆయన పాకుతూ బయటికి వచ్చేదాకా అలాగే పట్టుకుని, ఆ తరువాత బాణలిని నిదానంగా నేల మీద పెట్టాడు. "పక్కకు జరగండి అందరూ, నూనె పారతాండాది" అన్నాడట.

నేను వెళ్లేసరికి యజమాని జట్కా పిలిపించి ఆయనను ఎక్కిస్తున్నాడు. తడిగుడ్డ కింద ఆ చెయ్యి చూడలేకపోయాను. ఆయన నన్ను చూసి, "నువ్వేంటికి వచ్చినావు మే? పొయ్యి ఆర్పి వచ్చినావా లేదా?" అన్నాడు. ఆర్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. అవ్వ మళ్లీ మా గదికి పరుగెత్తింది.

ఆసుపత్రిలో చాలా రోజులున్నాం. కట్టు విప్పి మళ్లీ కట్టేటప్పుడు ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకునేవాడు. పళ్లు బిగించిన చప్పుడు నాకు వినిపించేది. నర్సమ్మ మధ్యలో ఆగితే, "తొందర ల్యామ్మా, నిదానంగానే కట్టు" అని ఆమెకే ధైర్యం చెప్పేవాడు. హోటలు వాళ్లు వంతులు వేసుకుని వచ్చారు. సాంబారు ఆయన వంతులతో పని లేకుండా రోజూ వచ్చేవాడు. మెత్తగా పిసికిన పెరుగన్నం తన చేత్తో తినిపించేవాడు. ఒకరోజు ముద్ద చేతిలో పట్టుకుని తలవంచుకున్నాడు.

"నా వల్లే కదన్నా ఇదంతా" అన్నాడు.

"నువ్వు జారితివి. జారినోని తప్పేముంది? ఆ బండలు అట్లాంటివి. అన్నం పెట్టు, ఆకలైతాంది" అన్నాడు మా ఆయన.

డాక్టరు మంచి మనిషి. దాచకుండా చెప్పాడు. "గాయం మానుతుంది. మానేటప్పుడు చర్మం దగ్గరికి లాక్కుంటుంది. నొప్పని ముడుచుకుని ఉంచితే వేళ్లు అలాగే ఉండిపోతాయి. రోజూ చాపుతూ, కదుపుతూ ఉండాలి." మేము అలాగే చేశాం. కానీ వేళ్లు చాపితే కొత్త చర్మం పగిలి నెత్తురు వచ్చేది. పగిలినచోట మానడానికి కదపకుండా ఉంచవలసి వచ్చేది. ఆ ఉంచిన నాలుగు రోజుల్లో వేళ్లు మళ్లీ లోపలికి వంగేవి. గాయం పూర్తిగా మానేసరికి ఆయన కుడిచెయ్యి పిట్టను పట్టుకున్నట్టు మూసుకుని ఉండిపోయింది. బొటనవేలు పక్క వేలికి అతుక్కున్నట్టే ఉండేది.

అయినా వంటింట్లోకి వెళ్లాడు. గరిటె పట్టుకున్నాడు, జారి నూనెలో పడింది. యజమాని ఆయనను ముందుకు తీసుకువెళ్లి గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. ఎడమచేత్తో చేయగలిగిన పని అది. అక్కడ కొద్ది రోజులే ఉన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు.

"ఆడ కూచుంటే జనం తినేకి రాల్యా. నన్ను చూసేకి వస్తాండారు" అన్నాడు.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. నేను తిరగమోత పెడితే, ఆవాలు చిటపటమన్న ప్రతిసారీ ఆ చెయ్యి దానంతట అదే వెనక్కి పోయేది. ఆయనకు అది సిగ్గుగా ఉండేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. కొంతకాలం మా ఇంట్లో తిరగమోత లేని పప్పే తిన్నాం.

ఇదంతా ఎవరు చెప్పారో, ఒక ఉదయం రైలు దిగి మా మామ వచ్చాడు. చెప్పులు వాకిట్లో విడిచి, మంచినీళ్లు తాగి, కొడుకు ఎదురుగా కూర్చున్నాడు. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చీర కొనేవాడు అంచు చూసినట్టు చూశాడు.

"పద, ఇంటికి పోదాము" అన్నాడు.

"ఈ చేత్తో నేనేం నేస్తాను నాయనా?"

"నెయ్యమని ఎవురన్నారు? నాకు కండెలు చుట్టే మనిషి ల్యాడు. దానికి రా."

కండెలు చుట్టడం ముసలివాళ్లు, చిన్నపిల్లలు చేసే పని. రాట్నం తిప్పుతూ పట్టు దారాన్ని చిన్న కడ్డీకి చుట్టాలి. మా ఆయన నా వైపు చూశాడు. ఆ సాయంత్రం బండికే ముగ్గురం బయలుదేరాం. పెనుకొండ కొండ దాటేదాకా తండ్రీకొడుకులు చెరొక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తరువాత మామ మూట విప్పి బొరుగులు తీసి కొడుకు ఒడిలో పోశాడు.

ధర్మవరంలో మా రోజులు ఇలా సాగేవి. పడుకునే ముందు మా అత్త ఆముదం వెచ్చచేసి, ఆ చేతికి పట్టించి, ఒక్కొక్క వేలునూ పట్టుకుని సాగదీసేది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగినా ఆపేది కాదు. "ఏడువు నాయనా, ఏడ్చుకుంటా చాపు" అనేది. పొద్దున సీకాయతో జిడ్డు పోయేదాకా కడుక్కోవాలి. జిడ్డు ఉంటే పట్టుకు మరక. ఆ తరువాత రాట్నం. మొదట్లో పిడి చేతిలో నిలవలేదు. మామ దానికి పాత గుడ్డ చుట్టి లావుగా చేశాడు. వేళ్లు కొంచెం కదలడం నేర్చుకున్నాక ఒక చుట్టు గుడ్డ విప్పేవాడు. కొన్నాళ్లకు ఇంకొక చుట్టు. తాను చేస్తున్నది ఏమిటో ఎవరికీ చెప్పలేదు. నేను గమనించాను కాబట్టి తెలిసింది.

వానలు వచ్చాయి. మగ్గం గుంటలో చెమ్మ ఊరింది. నేత ఆగింది. అప్పుడు మామ ఇంకా కష్టమైన పని ఇచ్చాడు. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు దారాల వరస, అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. బొటనవేలు, చూపుడువేలు, ఆ రెండింటి కొసలతోనే చేసే పని. మా ఆయనకు సరిగ్గా ఆ రెండు వేళ్ల కొసలే ఎదురెదురుగా కలిసేవి కావు. పైగా కాలిన చర్మం గరుకు. సన్నటి పట్టు దానికి చిక్కుకుని పుటుక్కున తెగేది. ఒకరోజు విసుగొచ్చి లేచాడు.

"నా వల్ల కాదు నాయనా. నేను చేసేదానికంటే తెంపేదే ఎక్కువగా ఉండాది."

మామ తల ఎత్తలేదు. "తెగితే తెగనీ. తెగిందాన్ని మళ్లా అతకాల. అది కూడా పనే గదా" అన్నాడు. తను ఆ వైపు నుంచి అతుకుతూనే ఉన్నాడు. మా ఆయన కాసేపు వాకిట్లో వాన చూసి, లోపలికి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

అలా ఎదురెదురుగా కూర్చుని పని చేస్తున్న ఒక మధ్యాహ్నం, మామ ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ బాణలి ఏంటికి ఇడిసిపెట్టలేదప్పా?"

"కింద మనిషి ఉండాడు నాయనా."

మామ ఇంకొక పోగు అందుకుని అతికాడు. ఆ తరువాత వీధి అరుగు మీద ఆయన మాట మారింది. చీరలు చూడటానికి వచ్చిన వ్యాపారులకు, చుట్టాలకు, మంగలికి కూడా ఆ బాణలి కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ బాణలి కొంచెం పెద్దదయ్యేది. లోపల రాట్నం దగ్గర మా ఆయన తల వంచుకుని నవ్వుకునేవాడు.

వానలు తగ్గేసరికి మా ఆయన ఒక పడుగులో సగం తానే అతికాడు. మామ వేలి కొసతో ఆ అతుకుల మీద రాసి చూశాడు. "మీ అమ్మ కంటే బాగనే చేసినావు" అన్నాడు. లోపలి నుంచి మా అత్త, "ముప్పై ఏండ్లు నేను అతికింది కట్టుకునే తిరిగినారు ఊరి ఆడోళ్లంతా" అంది. ఆ ఇంట్లో చాలాకాలానికి అందరూ కలిసి నవ్విన రోజు అది.

వేళ్లు తెరుచుకున్నాయి. పూర్తిగా కాదు. చిటికెన వేలు ఎప్పటికీ వంకరగానే ఉండిపోయింది. కానీ గరిటె పట్టే చెయ్యి అయింది. ఇక నూనె భయం ఒకటి మిగిలింది. ఒక సాయంత్రం మామ ఊరికే అన్నట్టు, "ఉగ్గాని, బజ్జి తిని శానా దినాలైంది" అన్నాడు. బొరుగులు నానబెట్టి ఉగ్గాని నేను చేశాను. బజ్జీల బాణలి పెట్టి, శనగపిండి కలిపి, నేను కూర్చోబోతుంటే మా ఆయన వచ్చి, "నువ్వు పక్కకు జరుగు" అన్నాడు.

నూనె కాగింది. పిండిలో ముంచిన మిరపకాయను తీసుకుని చెయ్యి ముందుకు చాచాడు. చెయ్యి వెనక్కి వచ్చింది. మళ్లీ చాచాడు. మళ్లీ వచ్చింది. నుదుటి మీద చెమట పట్టింది. నేను చూడలేక గోడ వైపు తిరిగాను. అప్పుడు పిండి నూనెలో పడిన చప్పుడు వినిపించింది. ఒకటి, దాని వెనకే ఇంకొకటి, ఆ తరువాత వరసగా. తిరిగి చూస్తే ఆయన బాణలి మీదికి వంగి, చెవి కొంచెం పక్కకు పెట్టి వింటున్నాడు.

ఆ తరువాతి సంవత్సరం పెనుకొండలో బస్సులు ఆగేచోట మేము సొంతంగా చిన్న హోటలు పెట్టుకున్నాం. సాంబారు ఆయన హిందూపురం వదిలి మాతో వచ్చి చేరాడు. వంటిల్లు ఎలా ఉండాలో మా ఆయనే నిలబడి కట్టించాడు. నూనె పొయ్యిని నేలలోకి దించి, బాణలి అంచు దాకా మట్టిలో కూర్చునేటట్టు చేశాడు. ఎవరు తన్నినా అది ఒరగదు. రోళ్లకు గంట్లు పెట్టే మనిషిని పిలిచి వంటింటి బండలన్నిటికీ గంట్లు పెట్టించాడు. కాలు జారదు. మూలన చన్నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. కాలితే ముందు నీళ్లే. ఇంకు, పిండి, పసుపు ఏదీ పూయకూడదని ఆసుపత్రిలో విన్నది ఆయన మరిచిపోలేదు. వేడి గిన్నె ఎత్తినవాళ్లు "కాలతాది, కాలతాది" అని అరుస్తూ నడవాలి. బస్సు డ్రైవర్లు దానికి నవ్వేవాళ్లు. "ఏమబ్బా, మీ హోటల్లో అంతా యుద్ధానికి పోతాండారా?" అనేవాళ్లు. నవ్వినవాళ్లే రోజూ వచ్చి అక్కడే తిన్నారు.

చిన్న చిన్న మచ్చలు అక్కడా పడ్డాయి. నా చేతుల మీదా ఉన్నాయి. నిప్పు దగ్గర పనిచేసేవాళ్లకు అవి తప్పవు. కానీ మా వంటింట్లో నుంచి ఎవరినీ జట్కా ఎక్కించి తీసుకుపోవలసిన అవసరం రాలేదు.

ఆయన చెయ్యి బాగుపడిన సంగతి హోటళ్లలో పాకింది. హిందూపురం నుంచి, కదిరి వైపు నుంచి, చేతులు కాలి వేళ్లు ముడుచుకుపోయినవాళ్లు బస్సు దిగి వాకబు చేసుకుంటూ వచ్చేవాళ్లు. "నేను వైద్యుణ్ణి కాదప్పా. డాక్టరు చెప్పినట్ల గాయం మాననీ, అప్పుడు రా" అనేవాడు ముందు. మానాక వస్తే మామ ఇంటి నుంచి తెచ్చిపెట్టుకున్న చిక్కుపడిన పట్టు పోగుల ఉండ ఒకటి ఇచ్చి, బల్ల మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "విప్పు" అనేవాడు. అందరికీ నయం కాలేదు. కొందరు ఆలస్యంగా వచ్చారు, కొందరికి ఓపిక చాలలేదు. అలాంటివాళ్లకు వంటింట్లో ఎడమచేత్తో చేయగల పని ఏదో ఒకటి వెతికి పెట్టేవాడు.

గుడిబండ నుంచి ఒక ఆమె వచ్చింది. భర్తతో కలిసి సంతల్లో బొండాలు అమ్మే మనిషి. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేది. పరాయి ఆడమనిషి చెయ్యి తాను పట్టుకోకూడదని మా ఆయన నన్ను పిలిచాడు. మా అత్త చేసినట్టే ఆమె వేళ్లకు ఆముదం పట్టించి సాగదీశాను. ఆమె ఏడ్చింది, నేను ఆపలేదు. ఎలా చేసుకోవాలో నేర్పి, పట్టు ఉండ ఒకటి మూటగట్టి పంపించాను.

ఎండాకాలం పోయాక మళ్లీ వచ్చింది. రాగిపిండి మూట తెచ్చింది. మధ్యాహ్నం బస్సు వచ్చిన వేళ, హోటలు నిండా జనం. ఆమె నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, కొంగు పక్కకు తీసి, చెయ్యి చాపి నాకు చూపించింది. వేళ్లు అయిదూ విడివిడిగా ఉన్నాయి.

నేను లోపలికి తిరిగి, "బావా, ఈడ చూడు" అన్నాను.

ఆయన బాణలి మీది నుంచి తల ఎత్తి ఆ చేతిని చూశాడు.

"బాగుండాది తల్లీ" అన్నాడు. "ఎండన పడి వచ్చినట్లుండావు. కూచో, వడలు వేస్తాండా. తిని పో."